నేను అనని అవును

అట్ల గాదు సుప్రియా, నేను చెప్పింది చెప్పినట్టే రాయమ్మా. నడుమ సొగసులు పెట్టాకు. నేనూ నిదానంగానే చెప్తా.

మైలవరం కాలవ నీళ్లకు మన ఊర్లో వంతులుండాయి కదా. ఒకరి వంతు ఇంకొకరికి మార్చాలంటే ముగ్గురు పెద్దమనుషుల్లో ఇద్దరు ఒప్పుకోవాల. అది మా నాయన కాలం నుంచి ఉండే కట్టుబాటు. పోయినేడు నీళ్ల సంఘమోళ్లు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిచ్చినారు. ఆ పెద్దమనుషులం మా ముగ్గురి తావుల్లో మూడు కంప్యూటర్లు. ఒకటి ఈడ జమ్మలమడుగు పక్కన, మనింట్లో. ఇంకోటి ప్రొద్దుటూర్లో, సంఘం సెక్రటరీ రవిశంకర్ కాడ. మూడోది పులివెందులలో, నా చెల్లెలి కొడుకు సుధీర్ అంగట్లో. ఒకచోట కరెంటు పోయినా తక్కిన రెండూ పని నడిపిస్తాయంట.

రవిశంకర్ మీద నాకు గురి లేదు. టౌన్ మనిషి, కాలవ మొగం చూసినోడు గాదు. సుధీర్ మనోడు.

ఆ మనోడే వచ్చి మూడిట్లోనూ ప్రోగ్రాం ఎక్కిచ్చినాడు. ముందు జావా అని ఒకటి వేసినాడు. అదుంటేనే ఇది నడిచేదంట. మీ అవ్వ చేసిన ఉగ్గాని రెండుసార్లు పెట్టిచ్చుకోని తిన్యాడు.

"మామా, ఇంగ నువ్వు చేసే పనేం లేదు. అవును అనేదానికి ఇది నొక్కు, కాదు అనేదానికి అది నొక్కు."

"నేను నొక్కకపోతే?"

"నువ్వు నొక్కకుండా నీ పేరు మీద ఈగ గూడా వాలదు మామా!"

ఆ మాట పట్టుకోనే ఊరందరికీ భయం లేదని చెప్పినా.

మొన్న శనివారం నేనూ మీ అవ్వా గండి గుడికి పోయింటిమి. కంప్యూటరుండే రూముకు బీగమేసి, బీగంచెవి నా మొలతాడుకే కట్టుకున్యా. స్వామి దర్శనం చేసుకోని వచ్చి బస్సు దిగితే, కాలవ గట్టు మీద జైబున్నీసా నిలబడుండాది. కాలవ కొసన ఉండే చెనిక్కాయ చేను ఆమెది. ఊడలు మన్నులోకి దిగి కాయ పట్టే టయం, ఇప్పుడు తడి లేకుంటే కాయ నిలవదు. ఆ పొద్దు వంతు ఆమెదే. నీళ్లేమో పైన అరటితోటకు మళ్లినాయి. ఆ తోట సుధీర్‌కు పిల్లనిచ్చిన మామది.

ఆమె ఫోను నా కండ్లముందర పెట్టింది. వంతు మార్చేదానికి ప్రొద్దుటూరు కాదు. పులివెందుల అవును. జమ్మలమడుగు నారాయణ, అవును.

"నేను ఊర్లోనే లేను గదమ్మా," అన్న్యా.

"మీ పేరైతే ఉండాది గదా పెద్దాయనా. నీళ్లు పోతే పోనీ. ఇయ్యనని నా మొగం మీదనే చెప్పుంటే బాగుండు."

ఇన్నేండ్లూ అన్నా అని పిలిచిన మనిషి, పెద్దాయనా అనింది.

తర్వాత కంప్యూటరు తెరిచి చూసింది నువ్వే. పులివెందులలో అవును అంటే, మనింట్లోది గూడా దానంతట అదే అవును అనేటట్టు సుధీర్ లోపల ఇంకో ప్రోగ్రాం పెట్టిపోయినాడని చూపిచ్చినావు. నా పేరుతోనే పెట్టినాడు. అప్పటికప్పుడే వానికి ఫోన్ చేసినా.

"నువ్వు మాటిమాటికీ లేసి నొక్కాలంటే కష్టమని పెట్టినా మామా."

"నా కష్టం నిన్నెవరు అడిగినార్రా?"

"నీళ్లు మనోళ్లకే పాయ గదా. నీ మాట నేను చెప్పగూడదా? నేనేమన్నా పరాయోన్నా?"

పరాయోడు గాదు. అందుకే ఫోను పెట్టేసినా. ఆయమ్మ చేను కోసం కాదన్నోడు, నేను నమ్మని ఆ రవిశంకర్ ఒక్కడే.

సుధీర్ పెట్టిన దాన్ని నువ్వు తీసేసినావు, మంచిపని చేసినావు. ఈ శుక్రారం నా వంతు ఆయమ్మకు మార్చినా. ఈసారి నా ఏలుతోనే నొక్కినా. రవిశంకర్ గూడా అవునన్యాడు. ఆయమ్మకు మెసేజీ పోయింది. అయినా చేనికి నీళ్ల మడవ తిప్పుకోలేదు. నా పేరుండే మెసేజీని ఆమె ఎట్ల నమ్ముతాది? నేను ఇంటికి పోతే తలుపు తీయలేదు. చెనిక్కాయ మాత్రం ఆమె కోపం తీరేదాకా ఆగదు.

అందుకే ఇది ఫోన్లో పంపాకమ్మా. కాగితం చేతబట్టుకోని నువ్వే పో. ఆ గడప కాడ కూర్చోని, లోపలుండే జైబున్నీసాకు వినపడేటట్టు గట్టిగా చదువు.