పొగ రాని పొద్దులు

కాలాలు దేవుడివే అయితే, వాటిని మార్చినప్పుడు ఆ సంగతి మనకెందుకు చెప్పడు? ఈ అనుమానం నాకు ఏళ్ల తరబడి ఉంది. రోజూ దణ్ణం పెట్టుకుంటూనే అడుగుతాను. అడగడం తప్పేమోనని మళ్లీ దణ్ణం పెట్టుకుంటాను.

దీనికి మూలం మా పెరట్లోని గులాబీ. పొద్దున్నే వాకిట్లో నిలబడి ఊదితే నోట్లోంచి పొగ వచ్చిన రోజున దాన్ని కత్తిరించాలని మా నాన్న చెప్పేవాడు. ఆయన ఉన్నంతకాలం ఆ పొగ తప్పకుండా వచ్చేది. ఇప్పుడు చలి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదు. ఒక ఏడాది పొగ కనిపించిందని సంబరపడి సగం చెట్టు కత్తిరించేశాను. అప్పుడు మా ఆవిడ అరుగు మీదున్న నా గ్లాసు చూసి, వేడి కాఫీ తాగి ఊదితే పొగ రాక ఏమొస్తుందని అడిగింది. మిగతా సగం ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

ఆ గులాబీ నిజానికి పక్కింటి టైలరమ్మ ఇచ్చింది. మేం ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో తన చెట్టు నుంచి ఒక కొమ్మ కోసి ఇచ్చింది. తర్వాత గోడకు సున్నం వేసినప్పుడు ఆ నీళ్లు పడి ఆమె చెట్టే చచ్చిపోయింది. మీరు కత్తిరించినప్పుడు నాకో కొమ్మ బతికించి ఇవ్వండి అన్నయ్యా అంది. సరేనన్నాను. ఏటేటా కొమ్మలు నాటుతూనే ఉన్నాను. ఒకసారి ఎండ మాడ్చింది, ఒకసారి అదను తప్పిన వాన కుళ్లబెట్టింది. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఈ వానాకాలంలో, కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నానని, చలికాలం లోపే ఇల్లు ఖాళీ చేస్తానని చెప్పింది. చెట్టు చూస్తే నిండా మొగ్గలు. పొగ మాట అటుంచి, ఒంటి మీద చెమటే ఆరడం లేదు. ఇప్పుడు కత్తిరిస్తే నాన్న మాట దాటినట్టు, దేవుడికి పూలు ఎగ్గొట్టినట్టు. ఆగితే ఆమె ఉండదు. కత్తెర పట్టుకుని చెట్టు చుట్టూ తిరుగుతున్నాను.

"ఏంటండీ, చెట్టుకి అప్పగింతలు పెడుతున్నారా?" అంది మా ఆవిడ, బట్టలు ఆరేస్తూ. "మామయ్యగారు పొగ చూడమంది చెట్టు బాగుండాలనే కదా. పొగ మీద ప్రేమతో కాదుగా?"

అవునో కాదో నాకు తేలలేదు. అయినా కళ్లు మూసుకుని నాన్ననీ దేవుడినీ కలిపి క్షమించమని అడిగి, కత్తెర వేశాను.

పాత పెయింటు డబ్బాల్లో నాటిన కొమ్మలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. ఒక్కదానికి మాత్రం ఎర్రటి చిగురు వచ్చింది. అదే మట్టి, అదే నీళ్లు, అదే చూరు కింద నీడ. అదొక్కటే ఎందుకు బతికిందో నాకు ఇప్పటికీ తెలియదు.

సామాను ఎక్కించాక టైలరమ్మ వ్యాన్‌లో ముందు సీట్లో కూర్చుంది. డబ్బా తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె చిగురును వేలి కొసతో తాకింది.

"దీన్ని ఎప్పుడు కత్తిరించాలన్నయ్యా?"

పొగ గురించి చెప్పబోయి ఆగిపోయాను.

"తెలీదమ్మా. నేనూ చూస్తూనే ఉన్నా."

"అయితే నేనూ చూస్తాలే," అని ఆమె నవ్వింది. వ్యాన్ కదిలే కుదుపుకు చిగురు విరగకుండా, డబ్బా చుట్టూ కొంగు కప్పింది.