వెండిరంగు రేకు కింద

"గోళ్ళు కత్తిరించుకో. వీడియోలో కనిపించేవి నీ చేతులే కదా," అన్నాడు మా ఆయన, గడ్డం గీసుకోవడానికి వెళ్తూ. కంప్యూటర్ భాగాల మంచిచెడ్డలు చెప్పే ఆయన ఛానల్లో నాకున్న చోటు మణికట్టు దాకానే. బోర్డు తిప్పి చూపించే చేతులు నావి, మాట్లాడే నోరు ఆయనది. ఆ చేతులెవరివని ఎవరో కామెంట్లో అడిగితే "మా అసిస్టెంటువి" అని రాశాడు. అసిస్టెంటుకైతే జీతం ఉంటుంది కదా అన్నాను నవ్వుతూనే. మనలో మనకి జీతాలేమిటని ఆయనా నవ్వాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ గిన్నెల చప్పుడు చెయ్యొద్దంటుంది అత్తయ్య, వాడి బుర్రంతా పనిమీదే ఉంటుంది పాపం అని. ఆ బుర్రలోంచి ఊడిపడే మాటలన్నీ ముందురోజు వంటింటి గట్టు దగ్గర నిలబడి నేను రాసినవే.

ఈసారి కంపెనీవాళ్ళు పంపిన మదర్‌బోర్డు నిజంగానే ముచ్చటగా ఉంది. నల్లటి పలక, అంచున రంగులు మారే లైట్లు, ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగాల మీద వెండిరంగు రేకు. ఎప్పటిలాగే పెట్టెలో బిగించకుండా బల్ల మీదే పరిచాను. ప్రాసెసర్, మెమరీ, ఫ్యాను అన్నీ పాత బోర్డులకు వాడినవే. అలాగైతేనే తేడా వస్తే అది బోర్డుదని తెలుస్తుంది. దానికి బరువైన పని అప్పగించి, బట్టలు ఆరేసి వచ్చేసరికి కంప్యూటర్ నత్తనడక నడుస్తోంది. రేకు పక్కన వేలు పెడితే చురుక్కుమంది. చల్లారాక మరలు విప్పి చూశాను. వేడిని లాక్కోవాల్సిన రేకు, కిందున్న భాగాలకు తగలడమే లేదు. ఉత్త సోకు. అదే రకం ఇంకోటి తెప్పించి చూస్తే అదీ అంతే.

నిన్న చెబితే ఆయన మొహం చిట్లించాడు. బాగుందని చెప్తానని కంపెనీవాళ్ళకి మాటిచ్చేశాడట.

"చూడ్డానికి బాగుంది కదా, అంతవరకు రాయి. వేడి సంగతి నిన్నెవరడిగారు?"

పెళ్ళయిన కొత్తలో నన్ను ఉద్యోగం మాన్పించాలని ఇంటిల్లిపాదీ తీర్మానించినప్పుడు, నాకిష్టం లేదంటే అత్తయ్య నోటివెంట వచ్చిందీ నిన్నెవరడిగారన్న ఈ మాటే. అప్పుడు నోరు మూసుకున్నాను. నష్టపోయింది నేనొక్కదాన్నే. ఇప్పుడు ఊరూపేరూ తెలియని వాళ్ళెందరో ఈ బోర్డు కొంటారు.

చొక్కా ఇస్త్రీ అయిందా అని గడ్డం గీసుకుంటూనే లోపల్నుంచి కేకేశాడు. కెమెరాను కాస్త పైకెత్తి, ఆయన కుర్చీలో కూర్చుని లైవ్ పెట్టాను.

"ఈ బోర్డును పరీక్షించింది నేను. దీన్ని కొనకండి."