మెట్ల టార్చికి మూడిళ్ల బ్యాటరీలు

ఎదురింటి అఫీఫా ఇల్లు ఖాళీ చేసి, కొండల అవతల జహ్లే ఊళ్లో ఉన్న మేనకోడలి దగ్గరికి వెళ్లిపోతోందని తెలిసినప్పటి నుంచి నాకు ఒకటే బెంగ. అది మెట్లు దిగే వేళకి వెలుతురు ఉంటుందా, ఉండదా అని.

మా బేరూతులో మనిషిని గుమ్మంలోనే వదిలేయం. దీపం పట్టుకుని మెట్ల దగ్గర నిలబడతాం. కింద వీధి తలుపు దగ్గర నుంచి "దిగాను" అన్న కేక వినపడితేనే లోపలికి వస్తాం. యుద్ధం రోజుల్లో ముఖం కూడా కనబడని చీకట్లో నేను సాగనంపిన వాళ్లు చాలామంది. వాళ్లలో కొందరి ముఖాలు ఇప్పుడు తలుచుకుందామన్నా గుర్తుకు రావు. అఫీఫాని అలా పంపకూడదనుకున్నాను.

మెట్ల కిటికీలకి అద్దాలు పోయి ఏళ్లయింది. ఆ గాలికి కొవ్వొత్తి నిలవదు. అందుకే యుద్ధం ఆగాక మేడవాళ్లందరం కలిసి ఒక పెద్ద టార్చి కొన్నాం. కొన్న సాయంత్రమే అది ఎవరింట్లో ఉండాలన్న తగువు మొదలైంది.

"నా దగ్గరుంటే అందరికీ అందుబాటు," అన్నాడు మొదటి అంతస్తు మునీర్ మాస్టారు. బడి వదిలేసినా బెత్తం పట్టుకున్నట్టే మాట్లాడతాడు.

"మీకే అందుబాటు," అంది మూడో అంతస్తు మేడమ్ ఆర్లెట్. "మేం దిగి వచ్చి మిమ్మల్ని బతిమాలుకోవాలి కాబోలు."

"నా దగ్గరుంచండి. పైవాణ్ని, కిందవాళ్లందరినీ చూస్తాను," అన్నాడు అయిదో అంతస్తు హాజీ మారూఫ్.

"అదేగా మా భయం," అన్నారు ఇద్దరూ. వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలవడం నేను చూడ్డం అదే మొదలు.

చివరికి న్యాయంగా పంచుకున్నారు. టార్చికి మూడు బ్యాటరీలు పడతాయి కనుక మూడిళ్లవాళ్లూ తలా ఒకటి ఇవ్వాలి. ఎవరిది వాళ్లింట్లోనే దాచుకోవాలి. ఖాళీ టార్చి నాలుగో అంతస్తులో నా దగ్గర ఉండాలి. నా వెనక ఏ పక్షంవాళ్లూ లేరు కనుక నన్ను నమ్మొచ్చట.

దుకాణంవాడు జున్ను చుట్టి ఇచ్చిన కాగితాలు కూడా చదివే మనిషిని నేను. ఒక కాగితంలో టార్చి సంగతులు కనిపిస్తే దాచుకున్నాను. శనివారం శనివారం గుడ్డకి కాస్త వెనిగర్ అద్ది, లోపలి స్ప్రింగు మీద చెమ్మకి పట్టిన తుప్పు తుడిచేదాన్ని. తడి లేకుండా ఆరబెట్టి, గాజుని మెత్తటి గుడ్డతో తుడిచి, పొడి సంచిలో పెట్టేదాన్ని. అది వెలుగుతుందో లేదో మాత్రం ఎన్నడూ చూళ్లేదు. బ్యాటరీలు ఉంటేగా.

"మూడూ ఒకేసారి కొన్నవి, ఒకే రకానివి అయితేనే మంచిదట," అని ఒకసారి మాస్టారికి చెప్పాను. "పాతది కొత్తవాటిని కూడా పీల్చేస్తుందట."

"ఒకే రకం అంటే ఎవరి రకం, నజ్లా గారూ?" అన్నాడాయన.

అఫీఫా వెళ్లే రోజు సాయంత్రం కారు వచ్చి హారన్ కొట్టింది. అది బయట పెట్టిన పెట్టెలు డ్రైవరు కిందికి మోసుకుపోయాడు. నేను దాన్ని కావలించుకునే లోపల కరెంటు పోయింది.

"నీ ఏడుపుకి భయపడి పోయిందే," అంది అఫీఫా చీకట్లోంచి.

కేకలు వేసి అందర్నీ పిలిచాను. గోడలు తడుముకుంటూ వచ్చారు. మాస్టారు గోడగడియారంలోంచి తీసిన బ్యాటరీ తెచ్చాడు. అది గడియారంలో పట్టేంత సన్నగా ఉంటే చుట్టూ కాగితం చుట్టి లావు చేశాడు. మేడమ్ వెండి చెంచాల పెట్టెలో తాళం వేసి దాచిన తన బ్యాటరీని తెచ్చింది. దాని రెండు కొనలూ చెంచాలకి తగిలి ఛార్జి అంతా అక్కడే అయిపోయినట్టుంది. హాజీగారిది ఫ్రిజ్‌లోంచి వచ్చింది, చెమటలు కక్కుతూ.

"పెరుగు పాడవకుండా ఉంటుంది, ఇది ఉండదా?" అన్నాడు.

"మీ ఫ్రిజ్‌కి కరెంటు ఎక్కడిది హాజీ?" అంది మేడమ్.

మూడూ వేసి మీట నొక్కాను. దానిమ్మగింజంత ఎరుపు కనబడి ఆరిపోయింది.

"మీ గడియారంది చచ్చింది మాస్టారూ," అన్నాడు హాజీ.

"నాది నిన్నటిదాకా టైము చెప్పింది. మీ తడిది చూసుకోండి."

కింద డ్రైవరు అరిచాడు. కొండదారిలో మంచు పడుతోందట, ఇంకాసేపు చూసి వెళ్లిపోతాడట. అఫీఫా తడుముకుంటూ మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. దాని మోకాళ్ల సంగతి నాకు తెలుసు.

"ఆగు," అని లోపలికి వెళ్లాను. నా రేడియో వెనక మూత ఊడదీసి మూడు లావు బ్యాటరీలు తెచ్చాను. ఒకే దుకాణంలో ఒకే రోజు కొన్నవి. టార్చిలో వేశాను. మెట్లన్నీ తెల్లగా లేచి నిలబడ్డాయి. మేడమ్ ఇంట్లో వేసుకునే చెప్పులు, హాజీగారి చిరిగిన స్వెట్టరు అన్నీ కనబడ్డాయి.

మాస్టారు టార్చి వైపు వేలు చూపించాడు.

"మూడూ మీవేనా?" అన్నాడు మాస్టారు.

"నావే."

"అయితే ఇది మీ వెలుతురు. మేడది కాదు."

"ఇవాళ మెట్లు, రేపు నీళ్ల ట్యాంకు," అంది మేడమ్.

"ఇలా ఒక ఇంటి చేతిలోకి పోనివ్వకూడదు," అన్నాడు హాజీ. మొదటిసారి ముగ్గురూ ఒక మాట మీద నిలిచారు.

నేను అఫీఫా చెయ్యి పట్టుకుని దిగాను. వాళ్లు వాదించుకుంటూ మా వెనకాలే దిగారు, మా వెలుతురులోనే. కింద అఫీఫా కారెక్కి కిటికీ దించింది. టార్చి దాని ముఖం మీదికి తిప్పాను.

"దించవే, కళ్లు పోతున్నాయి," అంది.

దించలేదు. ఎడమ కనుబొమ్మ మీది మచ్చ, పెదవి పక్కన పొడి సున్నంలా అంటుకున్న పౌడరు, ముక్కు ఎగబీల్చుకోవడం అన్నీ చూశాను. కారు కదిలి మలుపు తిరిగేదాకా వెలుతురు దాని వెనకే పట్టాను.

"ఇక ఇటివ్వండి, నజ్లా గారూ," అన్నాడు మాస్టారు. "మేడవాళ్లం కూర్చుని తేల్చేదాకా ఇది వెలగడానికి వీల్లేదు."

ఇచ్చేశాను. ఆయన మీట ఆర్పి, నా బ్యాటరీలు నాకు తిరిగి ఇచ్చేశాడు. న్యాయం తెలిసిన మనిషి. తర్వాత ఎవరు ముందు ఎక్కాలన్న మాట వచ్చింది. పెద్దవాళ్లు ముందన్నాడు హాజీ, ఆడవాళ్లు ముందంది మేడమ్. వాళ్లు అక్కడే నిలబడ్డారు. నేను రెయిలింగు పట్టుకుని మెల్లగా ఎక్కడం మొదలుపెట్టాను. నాలుగో అంతస్తులో ఎదురుగా అఫీఫా తలుపు తడుముకుని, తాళం పడిందో లేదో చూసి, నా ఇంట్లోకి వెళ్లాను.