మెట్ల మీద మాట

మెట్ల మలుపులో ఆ చెక్క స్టూలు ఇవాళ కూడా మేష్టారి మోకాలికి తగిలింది.

"దారికడ్డంగా ఏమిటిది? ఎవరైనా తట్టుకుని పడితే?" అన్నారాయన, వెనక్కి తిరక్కుండానే.

జవాబు రాలేదు. నాలుగు మెట్లు కింద ఆయన భార్య ఒక చేత్తో ఇనప కడ్డీ పట్టుకుని, వంగి చెప్పు పట్టీ సర్దుకుంటోంది. రోజూ పొద్దున నడకకి వెళ్ళొచ్చేటప్పుడు సరిగ్గా ఇక్కడికొచ్చేసరికే ఆవిడ చెప్పు పట్టీ వదులవుతుంది. కూరగాయల సంచి పెట్టుకోవడానికని ఆ స్టూలు తెచ్చి పెట్టింది కూడా ఆవిడే. పలక్కపోతే పోనీ అనుకుని, మేష్టారు మిగిలిన మెట్లెక్కి తాళం తీశారు.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. గేటు దగ్గర మొదలుపెడితే పై అంతస్తు తలుపు తీసేదాకా ఆవిడ నోటికి తాళం ఉండేది కాదు. ఎదురింటివాళ్ళ పిల్లి ఎన్ని పిల్లల్ని పెట్టింది, అల్లుడు ఫోన్లో ఎందుకు ముభావంగా ఉన్నాడు, దర్జీ మళ్ళీ కొలత ఎలా తప్పాడు, అన్నీ మెట్ల మీదే తేలిపోయేవి. మేష్టారు "ఊ" కొడుతూ ఎక్కేవారు. ఆ ఊ కొట్టడమే తన కాపురమని ఆయన నవ్వుతూ చెప్పుకునేవారు.

కొన్ని నెలల కిందట ఆవిడ, "పక్క వీధిలో కింద ఇల్లు ఖాళీ అయిందట. ఒకసారి చూసొద్దామా?" అంది.

మేష్టారు పకపకా నవ్వారు. "మెట్లని మించిన మందు లేదే పిచ్చిదానా! మోకాళ్ళు మొరాయించకుండా ఉన్నాయంటే వీటి చలవే. ఊరందరినీ మెట్లెక్కమని నేను ప్రాణం తీస్తుంటే, మా ఆవిడే కింద ఇల్లు వెతుక్కుంటే నవ్విపోరూ?"

"మీ ఇష్టం," అంది.

ఆ తరవాతే ఈ మౌనవ్రతం. వంటింట్లో మాట్లాడుతుంది, భోజనాల దగ్గర మాట్లాడుతుంది, ఫోన్లో కూతురితో గంటలు గంటలు మాట్లాడుతుంది. తనతో కలిసి బయట నడిచేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు మాత్రం నోరు విప్పదు. ఇది కింద ఇంటి అలకేనని ఆయన తేల్చేసుకున్నారు. అలిగినవాళ్ళని బతిమాలడం ఆయన ఇంటా వంటా లేదు. ఆయనా మెట్ల మీద కబుర్లు మానేశారు.

అయితే మొండితనానికీ ఓ హద్దుంటుంది. నిన్న ఆయన ఎవరికీ చెప్పకుండా పక్క వీధి ఇంటాయనతో మాట్లాడొచ్చారు. ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది. ఆ కబురు ఇవాళ మెట్ల మీద నోటిదాకా వచ్చింది. మూతి ముడుచుకున్నవాళ్ళకి అంత సులువుగా లొంగిపోవడమా, సాయంత్రం సరాసరి ఆ ఇంటి ముందుకే తీసుకెళ్ళి నిలబెడదాం అనిపించి, మింగేశారు.

అన్నం డబ్బా చేతికిస్తూ ఆవిడ, "పెందలాడే రండి," అంది. ఆయన తల ఊపారు.

ఆస్పత్రి వెనక భాగంలో ఉన్న పొడుగాటి హాలు మేష్టారి రాజ్యం. ఒక గోడకి చేతుల్లేని కుర్చీలు, ఇంకో గోడకి రబ్బరు పట్టీలు, మధ్యలో నడక యంత్రం, మూలన ఎక్కి దిగే చెక్కపెట్టె. గుండెకి కోత పడ్డవాళ్ళు, చక్కెర జబ్బువాళ్ళు, పక్షవాతంతో ఒక పక్క చచ్చుబడ్డవాళ్ళు, మోకాలు మార్పించుకున్నవాళ్ళు, అందరూ డాక్టరు దగ్గర్నించి ఇక్కడికొస్తారు. ఎవరి ఒళ్ళు ఎంత కష్టం ఓర్చుకోగలదో చూసి, ఎంత నడవాలో, ఎక్కడ ఆగాలో చెప్పి పంపడం ఆయన పని. ఆ పనిలోనే జుట్టు నెరిసింది. వచ్చే ఏడు విరమణ.

ఆయన పద్ధతి ఒకటుంది. మనిషిని యంత్రం మీద నడిపిస్తూ కబుర్లలోకి దింపుతారు. గుండె జబ్బుకి వాడే కొన్ని మాత్రలు నాడిని తొక్కిపెట్టి ఉంచుతాయి. లోపల మనిషి సొమ్మసిల్లబోతున్నా నాడి అంకె పెరగదు. నోటితో అలాంటి పేచీ లేదు. మాట తడబడితే నడక తగ్గించాలి, మాట ఆగితే అడుగు ఆపాలి. అందుకే ఆయనకి మాటల మేష్టారని పేరు పడింది. ఆ పేరంటే ఆయనకి లోలోపల గర్వమే.

మొదట వచ్చిన చక్కెర జబ్బు పెద్దావిడ చెప్పులు విప్పించి, అరికాళ్ళు రెండూ తిప్పి తిప్పి చూశారు. బొటనవేలి కింద చిన్న పొక్కుంది. ఆవిడకి నొప్పే తెలీదు. నడక మాన్పించి, కుర్చీలో కూర్చునే చేసే వ్యాయామం నేర్పారు. తరవాత పక్షవాతం వచ్చిన లెక్కల టీచరు యంత్రం కడ్డీ పట్టుకుని నడుస్తూ తన కోడలి మీద నేరాలన్నీ ఏకరువు పెట్టాడు. "భేష్! ఇంకా రెండు నేరాలు చెప్పేంత ఊపిరుంది మీకు," అని మేష్టారు వేగం కాస్త పెంచారు. హాలంతా నవ్వింది.

మధ్యాహ్నం లారీ డ్రైవరు వచ్చాడు. గుండెకి ఆపరేషనై చాలాకాలమైంది. నోటి దురుసు మనిషి. వెంట భార్య కూడా వచ్చింది.

"ఈయన చాలా మారిపోయాడండీ," అందావిడ, మొహం వెలిగిపోతూ. "ఇదివరకు సాయంత్రం నడకకి వెళితే దారిపొడుగునా నన్ను తిట్టేవాడు. ఇప్పుడు పిల్లిలా వస్తాడు, ఒక్క మాట అనడు. కోపం పూర్తిగా పోయింది."

మేష్టారి చెయ్యి యంత్రం మీట మీద ఆగిపోయింది. "ఇంట్లో?"

"ఇంట్లో మామూలే. అదే నోరు."

"బయటే, నడిచేటప్పుడే మాట్లాడడం లేదు. అంతేనా?"

"అంతేనండీ."

"కోపం తగ్గలేదమ్మా," అన్నారు మేష్టారు. "ఊపిరి తగ్గింది. నడక, మాట, రెంటికీ సరిపోవడం లేదు. ఇవాళ యంత్రం ఎక్కొద్దు. ముందు డాక్టరు చూడాలి."

డ్రైవరు తల దించుకున్నాడు. "చెబితే మళ్ళీ బండి తోలనివ్వరని చెప్పలేదు సార్." భార్య అతని భుజం మీద ఒక దెబ్బ వేసి, అదే చేత్తో భుజం పట్టుకుని డాక్టరు గది వైపు నడిపించుకుపోయింది. మేష్టారు వాళ్ళ వెనకే చూస్తూ, మంచి పని చేశాననుకున్నారు. తడిగుడ్డ తీసి యంత్రం కడ్డీ తుడవడం మొదలుపెట్టారు.

సగం తుడిచారో లేదో, ఆయన నోట వచ్చిన మాటే వెనక్కి తిరిగొచ్చి ఆయన్ని తాకింది. నడిచేటప్పుడే. ఇంట్లో మామూలే.

చెప్పు పట్టీ. కూరగాయల సంచి. స్టూలు.

అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టయింది ఆయన పని. పోయిన నెల ఆవిడ పక్క మీద దుప్పటి దులుపుతూ, "నన్ను కూడా ఓసారి మీ యంత్రం ఎక్కించి చూడకూడదూ?" అంటే, "పెరటి చెట్టు మందుకి పనికిరాదుటే, నా దగ్గర నీకు రోగం కుదరదు," అని తనే నవ్వించారు. ఆవిడా నవ్వింది. నవ్వి, దుప్పటి మడత పెట్టుకుంది. తను మెట్లని మందన్నారు. ఆ మందు రోజూ రెండు పూటలా ఆవిడ చేత మింగించారు.

ఫోను చేశారు. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశారు. చేతిలో గుడ్డ ఎక్కడ పడేశారో తెలీదు, పై అధికారులకి చెప్పారో లేదో తెలీదు. ఆటోలో కూర్చుని, దేవుడా, ఈ ఒక్కసారికి ఆవిడ నిజంగా అలిగే ఉండనీ, నామీద కోపంతోనే ఫోను తియ్యకుండా ఉండనీ అని దారిపొడుగునా వేడుకున్నారు.

మెట్ల మొదట్లో నలుగురు జనం ఉన్నారు. ఆయన్ని చూసి పక్కకి తప్పుకున్నారు. మలుపులో రెండో అంతస్తు పెద్దావిడ నిలబడి ఉంది.

"కొత్తిమీర కట్ట కోసమని కిందకి దిగింది నాయనా," అంది. "వస్తూ వస్తూ ఇక్కడ కూర్చుంది. రోజూ కూర్చునేదేగా. నాతో రెండు మాటలు మాట్లాడి లేచి వెళ్ళేది. ఇవాళ గోడకి తల ఆనించి ఉంటే కునుకు పట్టిందేమో అనుకుని నేను లేపలేదు."

రోజూ కూర్చునేదని రెండో అంతస్తు పెద్దావిడకి తెలుసు. కూరలమ్మేవాడికీ తెలిసే ఉంటుంది. ఆ సంగతి తెలియనిది మేష్టారికొక్కరికే.

ఆవిణ్ణి పైకి తీసుకెళ్ళి పడుకోబెట్టారు. మేష్టారు ఆవిడ పాదాల దగ్గర కూర్చున్నారు. చెప్పుల పట్టీలు రెండూ బిగువుగానే ఉన్నాయి. "పక్క వీధిలో ఇల్లు మాట్లాడానే," అన్నారు మెల్లిగా, "సాయంత్రం చూపిద్దామనుకున్నా." గదిలో ఉన్నవాళ్ళకి అర్థం కాలేదు.

కూతురు వచ్చి కర్మలన్నీ అయ్యేదాకా ఉంది. వెళ్ళే రోజు, తన పెట్టె కిందకి దించుకుంటూ, మెట్ల మలుపు దగ్గర ఆగింది.

"నాన్నా, ఈ స్టూలు లోపల పెట్టెయ్యనా? వచ్చేపోయేవాళ్ళకి అడ్డంగా ఉంది."

"ఉండనీ అమ్మా."

కూతుర్ని బండెక్కించి వచ్చి ఆయన ఒక్కరే మెట్లెక్కారు. ఎక్కుతూ, ఎదురింటి పిల్లి గురించి ఏదో చెప్పబోయి, ఊ కొట్టేవాళ్ళు లేక మానేశారు. మలుపులో ఆగి వంగి చూశారు. స్టూలు ఊగకుండా, దాని పొట్టి కాలి కింద ఆవిడ ఒక రబ్బరు ముక్క కట్టింది. అది ఆయన హాలులో తెగిపోతే ఇంటికి తెచ్చిన వ్యాయామం పట్టీ ముక్క. దారం నాలుగు చుట్లు తిప్పి, ముడి లోపలికి దోపి, ఎవరి కాలికీ తగలకుండా కట్టింది.

కింద నుంచి ఎవరో పైకొస్తున్నారు. మేష్టారు గోడవారకి ఒదిగి దారిచ్చారు. ఆ వచ్చినాయన కూడా అలవాటుగా పక్కకి ఒదిగి, స్టూలుని తాకకుండా, పైకి వెళ్ళిపోయాడు.