మొక్కు పోతు

ఆషాఢం వస్తే నాకు మేకల నెత్తురే కలలోకి వస్తుంది. పన్నెండేళ్లుగా పెద్దాపురం చుట్టుపక్కల పశువుల డాక్టర్ని. మాఘంలో గాజుపలక మీద నెత్తుటి చుక్క పూసి మైక్రోస్కోపులో చూస్తే కణాలు శుభ్రంగా ఉంటాయి. వానలు పడి, నెత్తురు తాగే పిడుదులు పెరిగాయా, కణం అంచున ముదురు చుక్కొకటి కనిపిస్తుంది. పలకకి అద్దిన మందు ఊదారంగు వెలుగులో ఆ చుక్కలు తేలుతుంటే, చంపే జబ్బని తెలిసీ చూస్తూ కూర్చుంటాను. నాకదొక పిచ్చి.

తొంభై ఎనిమిదిలో, మరిడమ్మ జాతర జరిగే ఆషాఢంలోనే, కాలవ అవతల రైతు ఇంటి కోడలు రత్నమాణిక్యం కబురు పెట్టింది. సన్నగా వాన. కాలవ, గట్టు, ఆకాశం అన్నీ ఒకటే రంగు. నడుస్తున్నానో తేలుతున్నానో తెలియలేదు. పాకలో ఆమె ఒడిలో తల పెట్టుకుని మేకపోతు మగతగా చూస్తోంది. ఒళ్లు కాలిపోతోంది. కనురెప్ప తిప్పితే లోపల నెత్తురు లేక సున్నం కొట్టినట్టు తెలుపు.

"చెవి అంచున చిన్న గాటు పెట్టాలమ్మా. చుక్క నెత్తురు చాలు. తరవాత ఇంజెక్షన్" అన్నాను.

"గాటా?" అత్తగారు సంపూర్ణమ్మ గుమ్మంలోంచి అరిచింది. "అది మరిడమ్మ తల్లికి మొక్కిన పోతండీ! నిరుడు మా కోడలు జ్వరంతో పోతుంటే మొక్కాను. సూది పడినా, చెవి తెగినా తల్లికి పనికిరాదు."

"పొద్దుగూకేలోపు మందు పడకపోతే ఎవరికీ పనికిరాదండీ" అని కసిరాను. నా నోరంతే. ఆవిడ కదల్లేదు. నేనూ మందుల పెట్టె మూయలేదు. చూరు నీళ్ల చప్పుడులో మేక ఊపిరి, రత్నమాణిక్యం ఊపిరి కలిసి జోలలా వినిపించి ఒక్క క్షణం నాకు కళ్లు మూతపడ్డాయి.

"గుచ్చండి డాక్టరు గారూ." రత్నమాణిక్యం తనే దాని చెవి పట్టుకుంది. "అత్తయ్య గారూ, ఆ జ్వరం నాదే కదండీ. తల్లికి నేనే చెప్పుకుంటాను. నిరుడు నాకు పొడిచిన సూదులకి లెక్కే లేదు. నేను పనికిరాకుండా పోయానా?"

చెవికి గాటు పెట్టి, ఆ చుక్క పలక మీద పూసుకున్నాను. మందూ ఎక్కించాను. ఆమె ఏడ్చింది.

సంపూర్ణమ్మ విసురుగా లోపలికి పోయింది. ఇక శాపనార్థాలే అనుకున్నాను. ఆవిడ గుప్పెడు పసుపుతో వచ్చి, తడి నేల మీదే చతికిలబడి, తెగిన చెవికి అద్దింది.

"కత్తికి పనికిరాకుండా పోయావు కదరా" అంది, దాని మూతి నిమురుతూ. "ఇంక బతికి చావు!"