రేవు రాయి మీద గీత

పొద్దున లేవగానే గౌసియాబీ చేసే మొదటి పని రేవుకు పోయి రాయిని చూసుకోవడం. ఆ రాయి మీద తాతల నాటి గీత ఒకటుంది. నీళ్లు గీతను తాకుతుంటే చింతగడ్డ నిలకడగా ఉన్నట్టు. గీత నీళ్లకు పైన కనబడితే ఊళ్లో మంది తగ్గినట్టు. కృష్ణలో తేలే దీవి అది. జనం బరువుతోనే ఒకచోట నిలుస్తుంది. మంది తగ్గితే లేస్తుంది, లేచిందంటే బీచుపల్లి వంతెన వైపు జరుగుతుంది. ఇందులో వింతేముందని అక్కడివాళ్లు అడుగుతారు. ఊరన్నాక ఏదో ఒక బాధ ఉంటుంది కదా.

అందుకే అక్కడి పంచాయతీకి వీధి దీపాలకంటే పెద్ద పని కాపు పెట్టడం. పుణె పనులకు ఎందరు పోయినా ఇంటికొకరు గడ్డ మీద ఉండి తీరాలి. ఆడవాళ్లకు సీటు వచ్చినప్పుడు సర్పంచ్ అయిన గౌసియాబీ, ఎవరు పోవాలో ఎవరు ఉండాలో చెప్పి చెప్పి ఊరందరి తిట్లూ తిన్నది. పదవి దిగగానే గద్వాలలో కొడుకు రియాజ్ దగ్గరికి పోదామని ట్రంకు పెట్టె ఎప్పుడో సర్ది పెట్టుకుంది.

పుట్టి నడిపే మాసయ్య ఇంటి కాపు అతని కూతురు కృప. మాసయ్య పగలంతా నీళ్ల మీదే ఉంటాడు కాబట్టి అతని బరువు లెక్కలోకి రాదు. భార్య పోయి చాలా ఏళ్లయింది. కృపకు మహబూబ్‌నగర్‌లో నర్సు ట్రైనింగు సీటు రెండుసార్లు వచ్చింది, కాపు వల్ల రెండుసార్లూ పోయింది. మూడోసారి కాగితం వచ్చిన రోజు ఆ పిల్ల సర్పంచ్ గడపలో వచ్చి కూర్చుంది.

“పెద్దమ్మా, ఈసారి పోకుంటే వయసు దాటిపోతది. మల్ల పిలవరు.”

“నువ్వు పోతే మీ ఇంటి కాపు ఎవరుంటరు బిడ్డా? నేనేం జేయాలె, నువ్వే చెప్పు.”

కృప ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. లేచి వెళ్లిపోయింది. అదే గౌసియాబీని ఎక్కువ బాధపెట్టింది.

సరిగ్గా ఆ వారమే, 2008 ఎండాకాలంలో, పట్నం కంపెనీ ఒకటి దిగింది. గడ్డ మీద యాత్రికులకు గుడిసెలు కడతామంది, పడవలు తిప్పుతామంది, ఊరివాళ్లకు ఉద్యోగాలంది. పంచాయతీ తీర్మానం చేస్తే చాలట. గౌసియాబీ బుర్రలో ఇంకో ఆలోచన తిరిగింది. రోజూ ముప్పైమంది బయటివాళ్లు ఇక్కడ పడుకుంటే ముప్పైమంది కాపు మనుషులను వదిలేయొచ్చు. గ్రామసభలో అందరూ చప్పట్లు కొట్టారు. పంచాయతీ ముద్ర పడింది. మొట్టమొదట వదిలింది కృపనే.

గుడిసెలు లేచాయి. పడవలు నడిపేవాళ్లతో సహా బయటి నుంచే వచ్చాయి. ఊరికి దక్కినవి రెండు ఊడ్చే పనులూ ఒక వాచ్‌మన్ పనీ. మిగతావాళ్లు కాపు తప్పిందే పదివేలనుకుని మేస్త్రీ వెంట పుణె పోయారు. శని, ఆదివారాలు గుడిసెలు కిటకిటలాడేవి. అయినా గీత మునగలేదు. జానెడు పైకి తేలింది.

“సర్పంచమ్మా, నిన్న నలభై మందిని దించిన. అందరు లావుగనే ఉన్నరు. గడ్డ జరంత గూడ దిగలే,” అన్నాడు మాసయ్య.

“ఎందుకు దిగలే?”

“వాపసు పోయే టైం చూస్కొని వచ్చినోళ్లు గద. వాళ్ల బరువు గడ్డకు అంటదు.”

అంత చిన్న సంగతి తనకు తట్టనందుకు గౌసియాబీ నెత్తి కొట్టుకుంది. నాలుగూళ్ల పంచాయితీలు తీర్చిన మనిషి, చుట్టాలను చూసుకుని ఇంటివాళ్లను పంపేసింది.

మరుసటేడు అక్టోబరులో వరద వచ్చింది. యాత్రికులు ముందే దాటిపోయారు. పదిమంది ముసలివాళ్లతో చింతగడ్డ వంతెన స్తంభాల వైపు జరుగుతోంది. పుణె వాళ్లు అందే వీలు లేదు. పూటలో రాగలిగింది కృప ఒక్కతే.

“పిలువు సర్పంచమ్మా. గడ్డ మీద పుట్టిన పిల్ల, నిలబెడ్తది,” అన్నాడు మాసయ్య.

“పరీక్షలు ఎప్పుడు?”

“ఎల్లుండి.” చెప్పి తల తిప్పుకున్నాడు.

గౌసియాబీ కృపకు ఫోన్ చేయకుండానే సెల్లు కొంగున కట్టేసింది. ఇంటికి పోయి ట్రంకు పెట్టె తెరిచింది. చీరలన్నీ తీసి ఒక్కొక్కటే దండెం మీద వేసింది. తర్వాత వానలోనే రేవుకు వచ్చి రాయి మీద కూర్చుంది.

“నేను యాడికి పోను,” అంది, నీళ్లకు వినబడేటట్టు.

గడ్డ మెల్లగా దిగింది. గీత మునిగింది. వంతెన ఇంకా అల్లంత దూరం ఉండగానే జరగడం ఆగిపోయింది. గుడిసెలు కొట్టుకుపోయాయి కానీ ఇళ్లు నిలిచాయి.

వరద తీశాక రియాజ్ తల్లిని తీసుకుపోదామని వచ్చాడు. ఆమె ఒక కాలు పెట్టేసరికి పుట్టి అంచు దాకా మునిగింది. “దిగమ్మా,” అన్నాడు మాసయ్య మెల్లగా. రియాజ్ ఒంటరిగానే గద్వాలకు తిరిగిపోయాడు. గడ్డ నిలవడానికి ఆమె ఒక్కతే చాలు, ఇక ఆ ఊరికి కాపుతో పని లేదు. కాపు లేదని తెలిశాక మిగిలినవాళ్లు కూడా ఒక్కొక్కరే పోయారు.

ఏడాది తిరిగాక కృప వచ్చింది. అయిజ దవాఖానలో నర్సు ఇప్పుడు. తెల్ల చీర కుచ్చెళ్లు పట్టుకుని పుట్టిలోంచి గడ్డ మీదికి దుమికింది. “పెద్దమ్మా!” అంటూ గౌసియాబీని కావలించుకుంది.

అలవాటు కొద్దీ గౌసియాబీ చూపు రాయి మీదికి పోయింది. నీళ్లు వెంట్రుకవాసి కూడా పైకి రాలేదు; కృప కూడా ఇప్పుడు వచ్చిపోయే చుట్టమే. పిల్లకు తెలియకుండా కొంగు జార్చి రాయిని కప్పింది. తాను కోరుకున్నదే ఇది.

“ఎప్పుడు పోతవ్ బిడ్డా?”

“ఐదు గంటల బస్సుకు.”

“గట్లయితే జల్దీ రా. బువ్వ తిందువు.”