రేపల్లె గడిలో సున్నా

మార్కుకి మనుషుల్ని లెక్కపెట్టడం వచ్చినంత బాగా పలకరించడం రాదు. పెళ్లయిన పాతికేళ్లలో దేవకుమారి మొగుడి మీద ఈ ఫిర్యాదు ఎవరికీ చెప్పలేదు. చెప్తే వాళ్లనీ లెక్కలో వేసుకుంటాడని భయం.

మార్కు నాయనమ్మది పోలండు. యుద్ధకాలంలో చిన్నపిల్లగా కాందిశీకులతో ఈ దేశం వచ్చి, మిషను ఆసుపత్రిలో నర్సై, బాపట్ల కాంపౌండరుని చేసుకుని, ఇక్కడి మట్టిలోనే కలిసింది. పరదేశాల్లో స్థిరపడ్డ పోలండు వాళ్ల సంతతి ఎక్కడెక్కడ ఎంతమంది ఉన్నారో ఇప్పుడు అక్కడి రాజధాని వార్సాలో ఎవరో రాస్తున్నారట. మీ సంగతి చెప్పమని మెయిలు పెట్టారు. మార్కు తెనాలి ఇంట్లో కూర్చుని వారం రోజులు గీతలు గీసి పట్టిక తయారుచేశాడు. తెనాలిలో పదకొండు. బాపట్లలో ఆరు. రేపల్లెలో సున్నా.

"ఏవండీ, మరి రేపల్లె వైపు మీ చెల్లెలు?"

"సారా పోయి ఏడాది దాటింది. పోయినవాళ్లని జనాభాలో వెయ్యరు."

"వాళ్లమ్మాయి వీణ ఉందిగా. నాయనమ్మ కళ్లు మీ అందరిలోకీ ఆ పిల్లకే వచ్చాయి. మీకు బట్టతల వచ్చింది."

మార్కు పట్టిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. సారా రేపల్లె పక్క పెనుమూడి రైతు యలమందను, హిందువుని, గుళ్లో పెళ్లి చేసుకున్న నాడే, కుటుంబ బైబిలు మొదటి పేజీలో ఆమె పేరు మీద స్కేలు పెట్టి మరీ గీత కొట్టాడు. ఆమె పోయినప్పుడు సమాధి చెయ్యడానికీ వెళ్లలేదు.

నాయనమ్మ దేశాచారం ఒకటి మాత్రం ఆ ఇంట్లో మిగిలింది. క్రిస్మస్ ముందురోజు భోజనాల దగ్గర, అనుకోకుండా వచ్చేవాళ్ల కోసం ఒక పళ్లెం ఎక్కువ వేస్తారు. తన పెళ్లయిన ఏడాదే సారా ఆ భోజనానికి వచ్చింది. ఆ పళ్లెం ముందు కూర్చోబోతుంటే, "అది ముక్కూమొహం తెలియనివాళ్లకి" అన్నాడు మార్కు. సారా నవ్వి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. గరిటె పట్టుకుని నిలబడ్డ దేవకుమారి నోరు తెరవలేదు. ఆ గరిటె ఆమెకి ఇప్పటికీ బరువే.

"గుమ్మం తొక్కకుండా జనాభా లెక్క రాస్తారా ఎక్కడన్నా?" అని మర్నాడు ఆవిడే రేపల్లెకి రెండు టికెట్లు తీసింది.

పెనుమూడిలో వీణ తలుపు తీసింది. నాయనమ్మవే ఆ నీలికళ్లు. క్షణం చూసి, అమ్మ దాచుకున్న ఫొటోలోని మొహాలు పోల్చుకుని, "రండి మావయ్యా, రండత్తయ్యా. నాన్న పొలం వెళ్లాడు. వేళకే వచ్చారు, భోంచేద్దురు" అంది. మార్కు జేబులో పట్టిక తడుముకున్నాడు గానీ తియ్యలేదు.

వీణ పై అరలోంచి నీలం అంచు పళ్లెం దించి కడిగింది.

"ఇది మీదే మావయ్యా. అమ్మ ఏటా క్రిస్మస్‌కి వేసేది. ఎవరన్నా వస్తే వేరేదాంట్లో పెట్టేది. 'ఇందులో పెట్టేస్తే మీ మావయ్య వచ్చినప్పుడు ఏంటే చేస్తావు?' అనేది. పోయినేడు నేనే వేశాను."

మార్కు పప్పన్నం కలిపాడు. ముద్ద నోటిదాకా రాలేదు. దేవకుమారి మంచినీళ్లు జరిపింది.

"తప్పు చేశానమ్మా," అన్నాడు మార్కు, పళ్లెంతో చెబుతున్నట్టు. "మీ అమ్మకి చోటుండగానే లేదన్నాను. తప్పు నాదే."